కరోనా కాలంలో పంచాయతీకి వచ్చిన డబ్బు ఎంత? దాన్ని ఏ పుస్తకంలో వెతకాలి?

అడిగిన విషయం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల జనాభా ఉన్న ఒక గ్రామ పంచాయతీకి 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో వార్డు సభ్యులుగా గెలిచిన ఒకరు ఇలా రాశారు: రెండో విడత కరోనాలో కేంద్రం పంచాయతీలకు వేల కోట్లు ఇచ్చిందని పత్రికల్లో చదివాము, మా ఊళ్లో బ్లీచింగ్ చల్లడం తప్ప మరేమీ కనబడలేదు, సర్పంచ్ గారిని అడిగితే ఉన్నదంతా ప్రత్యేకాధికారి (ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు పంచాయతీని నడిపే అధికారి) హయాంలోనే ఖర్చయిపోయిందంటున్నారు, కార్యదర్శి గారు అసలు డబ్బే చేతికి రాలేదంటున్నారు, ఎవరి మాట నమ్మాలి, నిజం తెలుసుకునే దారి ఏమిటి?

ఆ రెండు విడతల్లోనూ నేను ఒక మండలంలో ఈవోపీఆర్డీగా, అంటే మండలంలోని పంచాయతీల పనిని చూసే అధికారిగా పనిచేశాను. ఇరవైకి పైగా పంచాయతీల క్యాష్ బుక్కులు, వోచర్లు నా బల్ల మీదుగా వెళ్లాయి. ఉద్యోగ విరమణ తర్వాత ఈ ప్రశ్న నన్ను అడిగినవారిలో మీరు మొదటివారు కారు, కాబట్టి అందరికీ ముందుగా చెప్పే మాటే మీకూ చెబుతున్నాను. ‘కరోనా సహాయ నిధి’ అనే పేరుతో కేంద్రం నుంచి పంచాయతీకి విడిగా ఏ డబ్బూ రాలేదు. వచ్చింది ఆర్థిక సంఘం గ్రాంటు, అంటే కేంద్రం ఆదాయంలో రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎంత ఇవ్వాలో సిఫారసు చేసే సంఘం లెక్క ప్రకారం వచ్చే డబ్బు. అది కరోనా ఉన్నా లేకపోయినా మీ ఊరికి రావలసిన డబ్బే. 2021లో అది మామూలు కంటే ముందుగా వచ్చింది, కరోనా నివారణ పనులకు వాడుకోవచ్చన్న మాటతో వచ్చింది, అంతే. అందువల్ల పుస్తకాల్లో కరోనా పద్దు కోసం వెతికితే ఏమీ దొరకదు. దొరకలేదు కాబట్టి ఎవరో మింగేశారన్న అనుమానం మాత్రం బలపడుతుంది. వెతకవలసింది పదిహేనో ఆర్థిక సంఘం పద్దు కింద.

మీరు చదివిన వార్త బహుశా 2021 మే 8 నాటి విడుదల గురించినది. ఆ రోజు కేంద్ర ఆర్థిక శాఖ 25 రాష్ట్రాల గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.8,923.8 కోట్లు విడుదల చేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు రూ.387.8 కోట్లు, తెలంగాణకు రూ.273 కోట్లు వచ్చాయి. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-22కు మన రాష్ట్ర గ్రామీణ సంస్థలకు కేటాయించిన మొత్తం గ్రాంటు రూ.1,939 కోట్లు. అందులో 60 శాతం షరతులతో కూడినది, అంటే పారిశుద్ధ్యానికి, తాగునీటికి మాత్రమే వాడవలసింది. మిగిలిన 40 శాతం షరతులు లేనిది. జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ తప్ప, రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాల్లో ఊరికి ఏది అవసరమైతే దానికి వాడుకోవచ్చు. ఆ 40 శాతాన్ని రెండు వాయిదాల్లో ఇస్తారు. 1,939లో 40 శాతం, అందులో సగం కడితే సరిగ్గా 387.8 వస్తుంది. జూన్‌లో రావలసిన ఆ మొదటి వాయిదానే రెండో విడత తీవ్రత చూసి మే నెలలో ఇచ్చారు. కొత్తగా ఒక్క రూపాయి కూడా కలపలేదు. జీతం ముందుగా ఇచ్చి బోనస్ అని పిలిచినట్టు, ఈ విడుదల ‘పంచాయతీలకు కరోనా సాయం’గా పత్రికలకెక్కింది.

ఇక మీ ఊరి వాటా ఎంతో లెక్క కడదాం. పద్నాలుగో ఆర్థిక సంఘం తన గ్రామీణ గ్రాంటు మొత్తాన్నీ గ్రామ పంచాయతీలకే ఇచ్చింది. పదిహేనోది మండల, జిల్లా పరిషత్తులను కూడా వాటాదారులను చేసి, గ్రామ పంచాయతీలకు 70 నుంచి 85 శాతం, మండలాలకు 10 నుంచి 25, జిల్లాకు 5 నుంచి 15 అని హద్దులు పెట్టి, ఆ హద్దుల్లో ఎవరికెంతో తేల్చడాన్ని రాష్ట్రాలకు వదిలింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జనాభా దాదాపు 3.5 కోట్లు. రూ.387.8 కోట్లను తలకు పంచితే సుమారు రూ.110 వస్తుంది. అందులో పంచాయతీ వాటా 70 శాతమైతే మూడు వేల జనాభా గల మీ ఊరికి సుమారు రూ.2.3 లక్షలు, 85 శాతమైతే రూ.2.8 లక్షలు వస్తాయి. జనాభాతో పాటు విస్తీర్ణం వంటివి కూడా పంపకంలో లెక్కకొస్తాయి గనుక మీ ఊరి అసలు అంకె కొంచెం అటూ ఇటూ ఉంటుంది. కానీ రచ్చబండ దగ్గర వినిపించే ఇరవై లక్షలు, ముప్పై లక్షలు అనే మాటలకు ఆధారం లేదని ఈ చిన్న లెక్కతోనే తెలుస్తుంది. రెండున్నర లక్షలతో ఒక పంచాయతీ ఎన్నాళ్లు ఏం చేయగలదో మీరూ పాలకవర్గంలో కూర్చున్నారు కాబట్టి నేను చెప్పనవసరం లేదు.

ఆ విడుదలలో ఎక్కువమంది గమనించని మాట ఒకటి ఉంది. షరతులు లేని గ్రాంటు కావాలన్నా ఒక నియమం పాటించాలి: నిర్దేశించిన శాతం స్థానిక సంస్థల లెక్కలు ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా ఉండాలి. 2021 మేలో ఇచ్చిన వాయిదాకు, అప్పటి పరిస్థితిని బట్టి, ఆ నియమాన్ని సడలించారు. సడలించడం తప్పని నేను అనను. శవాలు లేస్తున్న ఊళ్లో కూర్చుని కార్యదర్శిని గత ఏడాది లెక్కలు అప్‌లోడ్ చేశావా అని అడగడం ఎవరికైనా కష్టమే. కానీ డబ్బు ముందుగా వచ్చింది, లెక్క వెనక్కి పోయింది. మీ ఊళ్లో ఈనాటికీ నడుస్తున్న గొడవకు మూలం కొంతవరకు అక్కడే ఉంది.

మొదటి విడత సంగతి వేరు, దానికి జవాబు చెప్పవలసినవారూ వేరు. మన రాష్ట్రంలో పాత పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. 2020 మార్చిలో స్థానిక ఎన్నికల ప్రక్రియ మొదలై, కరోనా కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం దాన్ని ఆరు వారాలు వాయిదా వేసింది. ఎన్నికలు జరగకపోతే పద్నాలుగో ఆర్థిక సంఘం నిధులు చేజారతాయన్నది ఆనాడు రాష్ట్ర ప్రభుత్వం లేవనెత్తిన ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి, ఎందుకంటే ఆ సంఘం కాలం సరిగ్గా 2020 మార్చి 31తో ముగిసిపోతోంది. చివరకు పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో నాలుగు దశల్లో జరిగాయి. అంటే మొదటి విడత మొత్తం ప్రత్యేకాధికారి, కార్యదర్శి ఇద్దరే పంచాయతీని నడిపారు. ఆ ఏడాది 2020-21కి రాష్ట్ర గ్రామీణ సంస్థల కేటాయింపు రూ.2,625 కోట్లు, అంటే మరుసటి ఏడాది కంటే ఎక్కువ. అప్పుడు షరతులున్నది సగం, లేనిది సగం. దేశం మొత్తానికి రూ.60,750 కోట్లు కేటాయించగా, అందులో నాలుగో వంతు, రూ.15,187.5 కోట్లు, 2020 జూన్‌లో విడుదలైంది. కాబట్టి ప్రత్యేకాధికారి హయాంలోనే ఖర్చయిందన్న మీ సర్పంచ్ గారి మాట 2020-21 డబ్బు విషయంలో నిజం కావచ్చు. అదే మాటను 2021 మే వాయిదాకు కూడా వర్తింపజేస్తే మాత్రం ఒప్పుకోకండి. తెలంగాణలో ఈ తికమక లేదు. అక్కడ 2019 జనవరిలోనే సర్పంచులు ఎన్నికయ్యారు, పల్లె ప్రగతి అనే రాష్ట్ర కార్యక్రమం కింద కొన్న ట్రాక్టరు, ట్యాంకరు అప్పటికే ఊళ్లో ఉన్నాయి. మన వైపు చాలా పంచాయతీలు మందు పిచికారీకి రైతుల ట్రాక్టర్లు కిరాయికి తెచ్చుకున్నాయి.

మొదటి విడతలో ఖర్చు ఎలా జరిగిందో ఒక వోచరు చూపిస్తే అర్థమవుతుంది. 2020 ఏప్రిల్ మొదటి వారం. లాక్‌డౌన్. పట్నంలో దుకాణాలు మూత. ఒక పంచాయతీ కార్యదర్శి, ముప్పై ఏళ్లు నిండని అమ్మాయి, పురుగు మందుల దుకాణదారుడిని ఇంటి నుంచి పిలిపించి రెండు చేతి స్ప్రేయర్లు, హైపోక్లోరైట్ డబ్బాలు, చేతి తొడుగులు తీసుకుంది. సొంత డబ్బు పద్దెనిమిది వేలు కట్టింది. ఆయన ఇచ్చింది కార్బన్ కాగితం కింద రాసిన చీటీ; జీఎస్టీ నంబరు లేదు, తేదీ మీద తడి పడి అలికిపోయింది. పారిశుద్ధ్య కార్మికులు నలుగురికి ఆ తొడుగులు ఇచ్చి సంతకాలు తీసుకుంది, ఇద్దరివి వేలిముద్రలు. ఆడిట్‌లో ఆ వోచరు మీద అభ్యంతరం పడింది: కొటేషన్లు లేవు, బిల్లు సరిగా లేదు, ముందస్తు తీర్మానం లేదు. మూడూ నిజమే. అయినా ఆ పంచాయతీలో కొన్న వస్తువు వాడిన మనిషి చేతికి చేరింది, రుజువు నా కళ్ల ముందు ఉంది. ఆమె డబ్బు ఆమెకు తిరిగి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఇంకో పంచాయతీలో పుస్తకాలు అద్దంలా ఉన్నాయి. మూడు కొటేషన్లు, ముద్ర ఉన్న బిల్లు, తీర్మానం నంబరు, చెల్లింపు ఉత్తర్వు, అన్నీ వరుసగా ఉన్నాయి. స్టాక్ రిజిస్టర్ తెరిస్తే నలభై బస్తాల బ్లీచింగ్ ఒకే రోజు వచ్చినట్టు, అదే రోజు నలభై బస్తాలూ జారీ అయినట్టు రాసి ఉంది. ఆ ఊళ్లో పారిశుద్ధ్య కార్మికులు ముగ్గురు. బస్తా పాతిక కిలోలు. ముగ్గురు మనుషులు ఒక్క రోజులో వెయ్యి కిలోల బ్లీచింగ్ చల్లితే ఆ ఊళ్లో వారం రోజుల పాటు ఎవరికీ కళ్లు తెరుచుకోవు. ఆడిట్‌లో ఆ వోచరు మీద ఒక్క అభ్యంతరం కూడా పడలేదు, ఎందుకంటే అది చూసింది బిల్లును, బస్తాలను కాదు. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, బిల్లు బాగుందా లేదా అన్నది ఒక్కటే చూసి ఎవరినీ దొంగ అనకండి, ఎవరినీ పెద్దమనిషి అని కూడా అనకండి.

ఒక ఇబ్బందికరమైన సత్యం కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో పంచాయతీల డబ్బు నిజాయితీగా ఖర్చయిన చోట్ల కూడా చాలా భాగం రోడ్డు మీదికే పోయింది. వీధుల్లో, గోడల మీద హైపోక్లోరైట్ చల్లడం వల్ల వైరస్ వ్యాప్తి ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. మనుషుల మీద చల్లవద్దని మన ఆరోగ్య శాఖ అంతకు ముందు నెలలోనే హెచ్చరించింది. అయినా ట్రాక్టరు మీద డ్రమ్ము పెట్టి వీధి వీధీ తిప్పడం ఆగలేదు. అలా తిప్పితే ఊరికి ధైర్యం వచ్చేది, పంచాయతీ పనిచేస్తున్నట్టు కనబడేది, ఫొటో పైకి పంపవచ్చు. అదే డబ్బుతో పాజిటివ్ వచ్చిన ఇళ్లకు నెల రోజులు మంచినీళ్లు, కూరగాయలు గుమ్మం దాకా చేర్చిన పంచాయతీలు నా మండలంలోనే రెండున్నాయి. వాటి ఫొటోలు ఎక్కడా రాలేదు. నేను కూడా ఆ రోజుల్లో పిచికారీ ఫొటోలు ఎందుకు పంపలేదని కార్యదర్శులను అడిగినవాడినే.

మీ ఊరికి పంచాయతీ ద్వారా కాక మరో దారిలో వచ్చిన సాయం దీనికంటే చాలా పెద్దది. దాన్ని పంచాయతీ లెక్కల్లో వెతకడం వృథా. 2020 మార్చి 26న కేంద్రం ప్రకటించిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద మనిషికి నెలకు అయిదు కిలోల ఉచిత బియ్యం రేషన్ దుకాణం ద్వారా, ఆడవారి జన్‌ధన్ ఖాతాల్లో మూడు నెలలు నెలకు రూ.500 బ్యాంకు ద్వారా వచ్చాయి. రాష్ట్రం అదే ఏప్రిల్‌లో బియ్యం కార్డు ఉన్న కుటుంబానికి రూ.1,000 వాలంటీర్ల చేత ఇప్పించింది. తెలంగాణలో మనిషికి పన్నెండు కిలోల బియ్యం, కుటుంబానికి రూ.1,500 ఇచ్చారు. క్వారంటైన్ కేంద్రాలకు, నమూనాల సేకరణకు అయిన ఖర్చు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి కలెక్టరు, తహసీల్దారుల ద్వారా నడిచింది. 2020 మార్చి 14న కరోనాను ఆ నిధి వినియోగం కోసం విపత్తుగా గుర్తించాక, ఏప్రిల్ 3న కేంద్రం తన వాటా మొదటి వాయిదాగా అన్ని రాష్ట్రాలకు కలిపి రూ.11,092 కోట్లు ఇచ్చింది, అందులో ఆంధ్రప్రదేశ్‌ది సుమారు రూ.559 కోట్లు. కాబట్టి మీ ఊరి బడిలో క్వారంటైన్ కేంద్రం నడిచి, దాని భోజనం బిల్లు పంచాయతీ నిధుల్లో కనబడితే ఒకసారి ఆగి చూడండి. అదే బిల్లు తహసీల్దారు కార్యాలయంలో కూడా ఉందేమో అడగండి. ఒకే ఖర్చు రెండు పద్దుల్లో పడడం ఆ కాలంలో నేను చూసిన అక్రమాల్లో అన్నిటికంటే మామూలుది. బ్లీచింగ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. అది షరతులతో కూడిన పారిశుద్ధ్యం పద్దులో పెట్టవచ్చు, షరతులు లేని పద్దులో పెట్టవచ్చు, పంచాయతీ సొంత ఆదాయం ఉండే జనరల్ ఫండ్‌లో పెట్టవచ్చు. ఒక్క చోటే ఉండాలి, మూడు చోట్ల కాదు.

నా దృష్టిలో ఊరిని నిలబెట్టింది ఉపాధి హామీ పథకం. 2020-21 బడ్జెట్‌లో దానికి పెట్టిన రూ.61,500 కోట్లకు మేలో మరో రూ.40,000 కోట్లు జోడించారు. మన రెండు రాష్ట్రాల్లోనూ రోజు కూలి గరిష్ఠంగా రూ.237 ఉండేది. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి తిరిగి వచ్చిన తాపీ పనివారు, హోటలు కుర్రాళ్లు ఆ వేసవిలో చెరువు మట్టి తవ్వారు. ఆ డబ్బు కూలీ ఖాతాలోకి నేరుగా పడింది కనుక దాని గురించి మీ ఊళ్లో ఇంత గొడవ లేదనుకుంటాను.

ఇప్పుడు కార్యదర్శి గారి ‘రాలేదు’ అన్న మాటకు వద్దాం. ఇది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కేంద్రం విడుదల చేసిన గ్రాంటును రాష్ట్రం పది పనిదినాల్లోగా స్థానిక సంస్థలకు జమ చేయాలి, ఆలస్యమైతే వడ్డీతో కలిపి ఇవ్వాలి అన్నది ఆర్థిక సంఘం నిబంధన. కానీ జమ కావడం వేరు, ఖర్చు పెట్టే వీలు కలగడం వేరు. ట్రెజరీ ఆంక్షల్లో బిల్లులు నెలల తరబడి నిలిచిపోవడం ఏ కార్యదర్శిని అడిగినా చెబుతారు. పైగా 2021 నవంబర్‌లో రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను వీధి దీపాలు, నీటి పథకాల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశారన్నది వారి ఫిర్యాదు. బకాయిలు పంచాయతీలవే, కట్టవలసిందేనన్నది ప్రభుత్వం జవాబు. తప్పొప్పులు అలా ఉంచితే, మీ పని మాత్రం తేలిక: మీ ఊరి ఖాతాలో జమ ఎంత, సర్దుబాటు ఎంత, ఏ తేదీన జరిగింది, దానికి పంచాయతీ తీర్మానం ఉందా లేదా అన్నవి కాగితం మీద ఉంటాయి. జమ అయ్యి సర్దుబాటులో పోయి ఉంటే కార్యదర్శి గారు చెప్పవలసిన మాట ‘రాలేదు’ అని కాదు, ‘వచ్చింది, కరెంటు బకాయి కింద పోయింది’ అని. ఆ రెండు మాటల మధ్య తేడా తెలియనివారు ఆ కుర్చీలో ఉండరు.

ఆరోగ్యానికి ప్రత్యేకంగా డబ్బు రాలేదా అని కూడా కొందరు అడుగుతారు. వచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి రూ.70,051 కోట్లు సిఫారసు చేసింది. ఉపకేంద్రాల భవనాలు, రోగ నిర్ధారణ పరీక్షల సదుపాయాలు, బ్లాకు స్థాయి ప్రజారోగ్య విభాగాలు దాని లక్ష్యాలు. స్థానిక సంస్థలకు అందులో రూ.8,453.92 కోట్లు, 19 రాష్ట్రాలకు కలిపి, విడుదలైంది 2021 నవంబర్ 13న. రెండో విడత ఉధృతి ఏప్రిల్, మే నెలల్లో. ఇక వ్యాఖ్య అక్కర్లేదు. పేరుకు స్థానిక సంస్థల గ్రాంటే అయినా దాని అమలు వైద్య ఆరోగ్య శాఖ చేతుల్లోనే నడిచింది కాబట్టి, మీ పంచాయతీ క్యాష్ బుక్‌లో అది కనబడకపోతే ఆశ్చర్యపోకండి.

ఎంపీ గారి నిధులతో ఏమైనా చేయించుకోలేకపోయారా అని మీ సాటి సభ్యులు అనవచ్చు. ఎంపీ లాడ్స్‌ను 2020 ఏప్రిల్‌లోనే రెండేళ్ల పాటు నిలిపేసి ఆ డబ్బును కేంద్రం కరోనా ఖర్చుకు తీసుకుంది. 2021 నవంబర్ దాకా పునరుద్ధరించలేదు. అవసరం నెత్తి మీదికి వచ్చిన కాలంలోనే ఊరికి దగ్గరగా ఉన్న ఒక చిన్న కుళాయి కట్టేశారు.      

ఇక వెతికే పద్ధతి. ముందు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటు తెరవండి. అది 2020 ఏప్రిల్ 24న, అంటే సరిగ్గా లాక్‌డౌన్ మధ్యలో, మొదలైంది. అందుకే మొదటి ఏడాది నమోదులు చాలా చోట్ల అతుకుల బొంతలా ఉంటాయి. కార్యదర్శులు డిజిటల్ సంతకం డాంగిల్ ఎక్కడ పెట్టాలో నేర్చుకుంటున్న రోజులవి. రాష్ట్రం, జిల్లా, మండలం, మీ పంచాయతీ, ఆర్థిక సంవత్సరం ఎంచుకుంటే జమలు, చెల్లింపు వోచర్లు పథకాల వారీగా కనబడతాయి. 2020-21, 2021-22 రెండూ విడివిడిగా చూడండి. చెల్లింపు ఎవరి పేరు మీద జరిగిందో గమనించండి. సరఫరాదారు పేరుకు బదులు పంచాయతీ సిబ్బంది పేరు ఉంటే అది నేను చెప్పిన అమ్మాయి లాంటి కేసు కావచ్చు, కాకపోనూవచ్చు. అడిగి తెలుసుకోండి. ఆ ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆ పని ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

వెబ్‌సైటులో కనబడింది కాగితంతో సరిపోల్చాలి. మీరు వార్డు సభ్యులు; పంచాయతీ సమావేశంలో లెక్కలు ముందు పెట్టమని అడగడం మీ హక్కు, అడిగినట్టు మినిట్స్‌లో రాయించండి. అలా కాదంటే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. గ్రామ స్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు మన రాష్ట్రంలో రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపై కార్యాలయాల్లో పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవాలి. దరఖాస్తులో ‘కరోనా నిధుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ‘అట్టి నిధులు మా పంచాయతీకి రాలేదు’ అని ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది, అది చట్టప్రకారం సరైన జవాబే అవుతుంది. అందుకు బదులు 2020 ఏప్రిల్ 1 నుంచి 2021 డిసెంబర్ 31 వరకు పదిహేనో ఆర్థిక సంఘం ఖాతా, జనరల్ ఫండ్ ఖాతా రెండింటి క్యాష్ బుక్ నకళ్లు, బ్లీచింగ్, హైపోక్లోరైట్, మాస్కులు, స్ప్రేయర్లు, వాహన కిరాయి పేరిట జరిగిన చెల్లింపుల వోచర్లు, వాటికి సంబంధించిన తీర్మానాలు, విద్యుత్ బకాయిల సర్దుబాటు ఉత్తర్వు ప్రతి, ఆ రెండు సంవత్సరాల ఆడిట్ నివేదికలు అని తేదీలతో, పుస్తకాల పేర్లతో అడగండి. వీటన్నిటితో పాటు స్టాక్ రిజిస్టర్ నకలు అడగడం మరవకండి. అది చేతికి వచ్చాక క్యాష్ బుక్ కంటే ముందు దాన్నే చదవండి, జారీ కాలమ్‌లో సంతకాలు పెట్టిన పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లకు వెళ్లి, ఆ రోజు మీకు ఎన్ని బస్తాలు ఇచ్చారమ్మా అని అడగండి. వాళ్లకు ఆ రోజులు ఇంకా బాగా గుర్తున్నాయి.